పట్టు తెలిసిన చేతులు

పక్షవాతంతో కుడివైపు పడిపోయిన పెద్దాయనను మంచం మీంచి లేపాలి. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ చంకల కింద చేతులు వేసి పైకి లాగుతారు. పట్టు తప్పిన భుజం కీలు అలాంటప్పుడే జారుతుంది. అనుభవమున్న ఫిజియోథెరపిస్టు అలా లాగరు. రెండు పాదాలనూ మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి జరిపి, పడిపోయిన వైపు మోకాలికి తన మోకాలు ఆనిస్తారు. "తాతా, ముందుకు వంగు, ఇంకాస్త" అంటారు. వంగేసరికి బరువు పాదాల మీదికి వచ్చి నడుము తేలుతుంది. లేచింది తాతే. థెరపిస్టు చేయి పక్కన కాచుకుని ఉంటుంది, అంతే. ఎంత తక్కువ సాయం చేస్తే సరిపోతుందో తెలియడమే ఈ పనిలో పెద్ద నేర్పు.

ఆ నేర్పుకు రోగి చేసే పని కూడా తెలియాలి. చోడవరం చుట్టూ చెరకు తోటలు. గోవాడ చక్కెర మిల్లు కోసం దశాబ్దాలుగా చెరకు నరికి, మోపులు కట్టి, బండ్లకెత్తిన మనుషుల ఊళ్లివి. ఇక్కడ మోకాలు 90 డిగ్రీలు వంగితే వైద్యం పూర్తయినట్టు కాదు. కుర్చీలో కూర్చోవడానికి అది చాలు, పొలం గట్టున గొంతుక్కూర్చోడానికి చాలదు. అందుకే మంచి థెరపిస్టు కోణం కొలిచే ముందే "ఏం పని చేస్తావు బాబూ?" అని అడుగుతారు. కండరం బలానికి పుస్తకంలో 0 నుంచి 5 దాకా అంకెలున్నాయి. బరువేమీ లేకుండా కాలు పైకెత్తగలిగితే 3. ఆపైన 4కీ 5కీ తేడా తేల్చేది పరీక్షించే చేయే. ఆ చేతికి తూకం రావాలంటే ఎన్నో కాళ్లు పట్టి చూసి ఉండాలి.

ఇలాంటి చేతిని ఆసుపత్రి ఎలా ఎంచుకుంటుంది? రాష్ట్ర వైద్యశాఖ కాంట్రాక్టు నియామకాల్లో కొన్నేళ్లుగా ఒక లెక్క ఉంది. 100 మార్కుల్లో 75 చదువుకు, 10 పాసయ్యాక గడిచిన ఏళ్లకు (ఏడాదికి ఒకటి చొప్పున), 15 ప్రభుత్వంలో చేసిన కాంట్రాక్టు సేవకు. ఆ సేవలో ఆరు నెలలకు గిరిజన ప్రాంతమైతే 2.5, పల్లె అయితే 2, పట్టణమైతే 1. పాడేరు ఘాట్ ఎక్కి పనిచేసినవారికి పట్నంలో చేసినవారి కన్నా రెండున్నర రెట్లు విలువనిచ్చిన ఈ ఆలోచన నాకు ఎంతో నచ్చుతుంది. కానీ ఇందులో ఎక్కడా చేయి కనబడదు. ప్రైవేటు ఆసుపత్రిలో రోజూ రోగులను నడిపించినవారికీ, డిగ్రీ తీసుకుని ఇంట్లో కూర్చున్నవారికీ ఏడాదికి దక్కేది ఆ ఒక్క మార్కే.

జీతం సంగతి ఇంకా కష్టం. కాంట్రాక్టు పోస్టుకు చాలావరకు ఒకే మొత్తం. నిన్న చేరినవారికీ, పదేళ్లు చేసినవారికీ దాదాపు అదే. చేయి తిరిగాక నగరానికో, విదేశానికో, సొంత క్లినిక్‌కో వెళ్లిపోతే వాళ్లను తప్పుపట్టలేం. పక్షవాతం వచ్చాక మొదటి కొన్ని నెలలే కోలుకోవడానికి అదను. ఆ మధ్యలో థెరపిస్టు మారితే రోగి కొత్త చేతిని మళ్లీ మొదటినుంచి నమ్మాలి.

2021లో పార్లమెంటు చేసిన చట్టం ఫిజియోథెరపీని గుర్తింపు పొందిన వృత్తుల జాబితాలో చేర్చింది. ఇక మార్కులతో పాటు, ఎంపిక రోజున ఒక రోగిని లేపి కూర్చోబెట్టి చూపించమని అడగాలి. పక్కన అనుభవజ్ఞులు నిలబడి చూడాలి. ఆ పరీక్షలో నెగ్గినవారికి మొదటి జీతమే ఎక్కువ ఇవ్వాలి, సర్వీసు పెరిగేకొద్దీ అదీ పెరగాలి.