స్థాపనకళయు బతుకమ్మయు

పాశ్చాత్యులు ఇన్‌స్టలేషన్ అని వ్యవహరించు కళను దెలుఁగున స్థాపనకళ యనుట యొప్పును. స్థాధాతువునకు గతినివృత్తి యర్థము. అనఁగా నడక మాని నిలుచుట. ప్రేరణార్థకమగు ణిచ్చు పరమైనపుడు పుగాగమము వచ్చి స్థాపి యగును; నిలుచుట యను నర్థము నిలుపుటగా మాఱును. నిలుపఁబడు వస్తువొకటి, దానిచే నిలుపఁబడు బాటసారి యొకఁడు. ఈ రెంటి సంబంధమే యీ కళకుఁ బ్రాణము. నగరమార్గము గతిప్రధానము. అందు జనులు పరస్పరము మొగము చూడక పోవుదురు. ఆ గతిని గొంతసేపు నివర్తింపఁజేసి వారి నొండొరుల కెదురుగా నిలుపఁగలదా యనునదే స్థాపనమునకుఁ బరీక్ష.

ఈ పరీక్షకు విగ్రహము లన్నియు నిలువవు. హైదరాబాదున హుసేనుసాగరు కట్టమీఁదఁ దెలుఁగు ప్రముఖుల విగ్రహములు నందమూరి తారకరామారావు ప్రభుత్వకాలమున 1980 దశకమందు నెలకొల్పఁబడెను. వానిలోఁ గొన్ని 2011 మార్చి 10వ తేదీని తెలంగాణోద్యమసందర్భమున ధ్వంసమయ్యెను. ఎవరిని స్మరింపవలయునో విగ్రహము శాసించును. ఆ నిర్ణయమునందుఁ దమకుఁ బాలు లేదని తలఁచువారికి నది పరకీయముగాఁ దోఁచును. శిల్పసౌష్ఠవ మా కొఱఁతను దీర్పఁజాలదు.

న్యూయార్కునందలి సెంట్రల్ పార్కున 2005 ఫిబ్రవరి మాసమునఁ గ్రిస్తో, జాన్ క్లోద్ అను దంపతులు కాషాయవర్ణపు వస్త్రములు వ్రేలునట్టి 7,503 ద్వారములను నిలిపిరి. 1979లోఁ దలపెట్టిన పని యది. నిలిచినది 16 దినములు. జనులు వానిక్రిందుగా నడచిరి. పిదప నన్నియుఁ దొలఁగింపఁబడెను. అవి యెవరినిగాని స్మరింపు మనలేదు.

తెలంగాణమున నిట్టిది పండుగరూపమునఁ జిరకాలముగాఁ గలదు. మహాలయామావాస్య మొదలుకొని దుర్గాష్టమివఱకు స్త్రీలు తాంబాలమునఁ దంగేడు, గునుగు, బంతి మున్నగు పూలను వలయములుగాఁ బేర్చి, పసుపు గౌరమ్మ నుంచి, వీథికూడలియందో గుడిముంగిటనో నిలిపి, చప్పట్లు చఱచుచుఁ జుట్టు తిరిగి పాడుదురు. అనంతరము నీటఁ గలుపుదురు. తంగేడు గునుగులు బీళ్లలోను చేలగట్లపైనిఁ దమంతఁ బుట్టునవి, కొనలేనివారికిని లభించును.

బతుకమ్మ పండుగయే కాని కళ కాదు, కళకుఁ గర్త యుండవలయు నని పూర్వపక్షము. కర్మణిప్రయోగమునఁ గర్త యనుక్తుఁ డైనను గ్రియకు లోపము లేదు. వీథిలోని బతుకమ్మయు నట్టిదే. పేర్చినవారి పేరు తెలియకున్నను వలయమునఁ జేరుట కాటంకము లేదు.

కామారెడ్డి జిల్లాయందలి మద్నూరు తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటకముల పొలిమేరలకు సమీపమునఁ గలదు. సంగారెడ్డినుండి నాందేడుకుఁ బోవు రాజమార్గ మా యూరిమీఁదుగాఁ బోవును. అట్టి పొలిమేర యూళ్లలో విగ్రహ మొకటి నిలిపినచో దానిపై నే భాషలోఁ బేరు చెక్కవలయునను తగవు పుట్టవచ్చును. బతుకమ్మకుఁ జెక్కవలసిన పేరు లేదు. చప్పట్ల తాళము మరాఠి కన్నడములు మాటలాడువారికిని జిక్కును.

2014లోఁ దెలంగాణ ప్రభుత్వము బతుకమ్మను రాష్ట్రపండుగగాఁ బ్రకటించెను. గౌరవము గలిగెను, దానితోఁ గొలతల పోటీయుఁ గలిగెను. 2025 సెప్టెంబరులో సరూర్‌నగరు క్రీడాంగణమున 63 అడుగులకు మించిన బతుకమ్మను నిలిపిరి. దానిచుట్టు వేయిమందికి మించి స్త్రీ లాడిరి. ఆ సమూహశోభ కాదనరానిది. ఐనను దలపై మోయరాని దానిని దలయెత్తి చూడవలసినదే. ఆడువారు దానికిఁ బరివార మైరి కాని యది వారి చేతిపని కాలేదు. ఇచట వస్తువే ప్రధానమై జనులు గౌణు లగుటచే స్థాపనము మరల విగ్రహపదవికే చేరుచున్నది.

కావున నగరపాలకులు కూడలులలోఁ గొంత మేర నిర్మాణరహితముగా విడుచుట మేలు. నడుమఁ దాంబాల ముంచుటకుఁ జిన్న యరుగు, చుట్టు నలువదిమంది తిరుగుటకుఁ జోటు, నడచిపోవు దూరమున శుభ్రమైన చెఱువు. ఈ మూఁడును జాలును. అందుఁ జెఱువు ముఖ్యము. అది పూడిపోయినను మురికిగుంట యైనను బతుకమ్మను సాగనంపుటకు నెల వుండదు.