పర్యాయపదాలూ యంత్రమూ: ఒక డాక్టరేట్ పరిశోధనపై విమర్శ

సమాచార శాస్త్రంలో డాక్టరేట్ పట్టం పొందాలనే కోరిక మన విద్యార్థులలో ఈనాడు కనిపిస్తున్నది. కోరిక మంచిదే. అయితే ఆ పట్టం కోసం సమర్పించే సిద్ధాంత వ్యాసం ఎట్లా ఉండాలి, దాని విలువను ఏ కొలతతో కొలవాలి అనే ప్రశ్న కూడా వేసుకోవాలి. ఎన్ని పుటలు వ్రాశారు, ఎన్ని గ్రంథాలను ఉదహరించారు అనేవి కొలతలు కావు. ఈ ప్రశ్నను గాలిలో చర్చించేకంటే, ఒక నిజమైన వ్యాసాన్ని ముందు పెట్టుకొని దాని గుణదోషాలు విచారించడం మేలు. అందుకు 1964లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కారెన్ స్పార్క్ జోన్స్ సమర్పించిన వ్యాసాన్ని తీసుకుందాం. దాని పేరు "సినానిమీ అండ్ సెమాంటిక్ క్లాసిఫికేషన్". పర్యాయపదత్వమూ, అర్థాన్నిబట్టి వర్గీకరణమూ అని దాని భావం.

ముందుగా ఈ శాస్త్రం పని ఏమిటో చెప్పుకోవాలి. వ్రాతలో ఉన్న విజ్ఞానం రోజురోజుకూ పెరుగుతున్నది. అందులోనుంచి అడిగినవానికి కావలసినదాన్ని, కావలసినప్పుడు వెదకి తీసి ఇవ్వడం ఎట్లా? ఇదే సమాచార శాస్త్రానికి మూలమైన ప్రశ్న. గ్రంథాలయ శాస్త్రం ఈ ప్రశ్నను చాలాకాలంగా ఎదుర్కొంటున్నది. అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయం 1926లో గ్రంథాలయ శాస్త్రానికి ఉన్నత పరిశోధనా విద్యాలయాన్ని స్థాపించినది. మన దేశంలో ఈ శాస్త్రంలో మొదటి డాక్టరేట్ 1957లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో డి. బి. కృష్ణారావుగారికి లభించినది. ఆయన గురువు ఎస్. ఆర్. రంగనాథన్. వ్యవసాయానికి సంబంధించిన విషయాలను సూక్ష్మంగా వర్గీకరించడం ఆ పరిశోధన విషయం.

రంగనాథన్ సంప్రదాయంలో వర్గీకరణ అంటే విషయాన్ని ఆలోచించి, ముఖాలుగా విడదీసి, మనిషి నిర్మించే కట్టడం. ఏడేండ్ల తరువాత కేంబ్రిడ్జిలో స్పార్క్ జోన్స్ వేసిన ప్రశ్న దీనికి ఎదురు దిక్కునుంచి వచ్చినది. వర్గాలను మనిషి ముందుగా నిర్ణయించకుండా, మాటల వాడుకలోనుంచి యంత్రమే వాటిని రాబట్టగలదా? ఇదీ ఆమె ప్రశ్న.

ఆమె గణితశాస్త్రం చదివిన వ్యక్తి కాదు. 1935లో జన్మించి, కేంబ్రిడ్జిలో చరిత్ర, పిమ్మట తత్వశాస్త్రం చదివి, కొంతకాలం బడిలో ఉపాధ్యాయినిగా పనిచేశారు. తరువాత మార్గరెట్ మాస్టర్మన్ అనే తత్వవేత్త నడుపుతున్న చిన్న భాషాపరిశోధన సంస్థలో చేరారు. అక్కడ యంత్రంచేత అనువాదం చేయించడానికి ప్రయత్నాలు జరుగుతుండేవి. ఒక మాటకు అనేకార్థాలున్నప్పుడు యంత్రం సరియైన అర్థాన్ని ఎట్లా ఎన్నుకుంటుంది అనేది వారికి ఎదురైన పెద్ద చిక్కు. దానికి పర్యాయపద నిఘంటువు సాయపడుతుందని మాస్టర్మన్ నమ్మకం. పర్యాయపదాలను వర్గాలుగా కూర్చడం మనకు క్రొత్త కాదు. అమరకోశం వర్గాలుగానే కూర్చబడినది. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహం ఉన్నది. అయితే ఆ వర్గాలు ఒక పండితుని బుద్ధిలో పుట్టినవి. వాటికి ఒక పరీక్షకు నిలిచే ఆధారం ఉన్నదా అని స్పార్క్ జోన్స్ అడిగారు.

ఆమె పద్ధతిని మన మాటలతో చూద్దాం. "రైతు పన్ను కట్టాడు" అనే వాక్యంలో "పన్ను" తీసి "శిస్తు" పెట్టినా వాక్యం చేసే పని మారదు. "రైతుకు పన్ను ఊడినది" అన్నచోట శిస్తు పెడితే నవ్వులపాలవుతాము. అక్కడ "దంతం" పెట్టవచ్చు. కాబట్టి మాటకు, మాటకు మధ్య పర్యాయపదత్వం ఉండదు. ఒక వాడుకకు, మరొక వాడుకకు మధ్య ఉంటుంది. ఒక వాక్యంలోనైనా ఒకదాని బదులు ఒకటి నిలువగల మాటలను ఆమె ఒక వరుసగా పేర్చారు. మన ఉదాహరణలో వరుసలు ఇట్లా వస్తాయి. మొదటిది: పన్ను, శిస్తు, కరం. రెండవది: పన్ను, సుంకం, కరం. మూడవది: పన్ను, దంతం. నాలుగవది: కరం, చేయి, హస్తం.

ఇక యంత్రం పని లెక్కపెట్టడమే. మొదటి రెండు వరుసలకు రెండు మాటలు ఉమ్మడిగా ఉన్నవి. అవి దగ్గరి చుట్టాలు. మూడవదానికీ, మొదటిదానికీ ఉమ్మడి మాట ఒక్కటే. నాలుగవదాని సంగతీ అంతే. ఉమ్మడి మాటలు ఎక్కువైనకొద్దీ వరుసల అర్థాలు దగ్గరవుతాయని, అటువంటి వరుసలను గుంపులుగా చేరిస్తే అర్థవర్గాలు ఏర్పడతాయని వ్యాసం వాదించినది. గుంపులు కట్టే గణితపద్ధతిని అదే సంస్థలో రోజర్ నీడం మొదలైనవారు అంతకుముందే ఆలోచించి ఉన్నారు. వరుసలకు కావలసిన సామగ్రిని ఆమె ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులోని నిర్వచనాలనుంచి తీసుకున్నారు.

ఈ వ్యాసంలో మెచ్చదగిన గుణం మొదట ప్రశ్నలోనే ఉన్నది. "అర్థం" వంటి జారిపోయే వస్తువును పట్టుకొని, దానిని లెక్కకు లొంగే రూపంలోకి తెచ్చినది. రెండవది, మాటను వదలి వాడుకను తన పరిశీలనకు మూలకణంగా తీసుకున్నది. 1985లో ప్రిన్స్‌టన్‌లో జార్జి మిల్లర్ నాయకత్వాన ఆరంభమైన వర్డ్‌నెట్ అనే ఇంగ్లీషు పదకోశంలో కూడా మూలకణం ఇట్టి పర్యాయపదాల కూర్పే. స్పార్క్ జోన్స్ వ్యాసం మాత్రం గ్రంథరూపంలో అచ్చయి అందరికీ అందేసరికి 1986 వచ్చినది. ఇరవైరెండేండ్లు గడచిపోయినవి.

దోషాలు కూడా ఉన్నవి. వాటిని దాచనవసరం లేదు. మొదటి దోషం: వాక్యం చేసే పని మారలేదని తీర్పు చెప్పేదెవరు? యంత్రం కాదు, మనిషే. వరుసలు నిఘంటువునుంచి వచ్చినవంటే, నిఘంటుకర్తల బుద్ధి ముందే అందులో చేరి ఉన్నదన్నమాట. పండితుడు ముందు వాకిట్లోనుంచి వెళ్ళి, పెరటి వాకిట్లోనుంచి తిరిగి వచ్చాడు. రెండవ దోషం: పర్యాయపదత్వం ఒక్కటే అర్థబంధుత్వం కాదు. మన ఉదాహరణలోనే చూడండి. పన్ను, చేయి రెండూ శరీరావయవాలని చిన్నపిల్లలకు తెలుసు. అమరసింహుడు అవయవాలన్నిటినీ మనుష్యవర్గంలో చేర్చాడు. కాని దంతం ఉన్న వరుసకూ, హస్తం ఉన్న వరుసకూ ఉమ్మడి మాట లేదు. మధ్య కలిపే వరుసలు దొరికితే తప్ప ఆ బంధుత్వం యంత్రానికి కనిపించదు.

మూడవ దోషం అన్నిటికంటే పెద్దది. వర్గాలు ఏర్పడ్డవి, మంచిది. అవి పనికివస్తాయా? ఈ వర్గాలను ఉపయోగించి వెదికినవానికి మునుపటికంటే మేలైన ఫలితం దొరికినదని గాని, అనువాదం బాగుపడినదని గాని ఆ వ్యాసం రుజువు చేయలేదు. ఆనాటి యంత్రాల శక్తి స్వల్పం కావడం ఒక కారణమే. అయినా విమర్శకుడు ఉన్నదానినే తూచాలి. రుజువు లేని సిద్ధాంతం ఎంత అందమైనదైనా అప్పుపత్రం వంటిదే.

ఆ అప్పును తీర్చినవారు కూడా స్పార్క్ జోన్స్ గారే. ఈ కథలో విద్యార్థులు ముఖ్యంగా గ్రహించవలసిన భాగం ఇక్కడ ఉన్నది. పట్టం వచ్చిన తరువాత ఆమె తన ఊహను పరీక్షకు పెట్టారు. క్రాన్‌ఫీల్డ్ అనేచోట సిరిల్ క్లెవర్డన్ పరీక్షలకోసం విమానశాస్త్ర పత్రాలను, వాటిమీద ప్రశ్నలను, ఏ ప్రశ్నకు ఏ పత్రం సరియైన జవాబో చెప్పే తీర్పులను సిద్ధపరచి ఉన్నారు. అందులోని 200 పత్రాలు, 42 ప్రశ్నలు తీసుకొని, మాటలను యంత్రంచేత గుంపులు చేయించి, గుంపుల సాయంతో వెదకితే ఫలితం మెరుగవుతుందా అని ఆమె కొలిచారు. ఆ పనిని 1971లో గ్రంథంగా ప్రకటించారు. కొంత మేలు కనిపించినది. కాని ఆ మేలు అరుదుగా వచ్చే మాటలను గుంపు చేసినప్పుడే. తరచుగా వచ్చే మాటలను గుంపు చేస్తే లాభం లేదు. తరువాత ఇతర పత్రసముదాయాలమీద ప్రయత్నిస్తే ఆ కొద్దిపాటి మేలు కూడా నిలకడగా కనిపించలేదు.

పట్టం తెచ్చిపెట్టిన సిద్ధాంతం పరీక్షలో బలహీనంగా తేలితే చాలమంది పరీక్షను తప్పుపడతారు. ఆమె ఆ పని చేయక, ఫలితం ఏమి చెబుతున్నదో విన్నారు. గుంపుకంటె మాట యొక్క అరుదుతనమే ముఖ్యమేమో అని ఆలోచించారు. 1972లో "జర్నల్ ఆఫ్ డాక్యుమెంటేషన్" అనే పత్రికలో వ్రాసిన వ్యాసంలో ఒక సులభసూత్రాన్ని ప్రతిపాదించారు. ఒక మాట ఎంత తక్కువ పత్రాలలో వస్తే, వెదకడంలో దానికి అంత ఎక్కువ తూకం ఇవ్వాలి.

ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా ఈ లెక్క చేయవచ్చు. మన దగ్గర 1024 వ్యాసాలున్నవనుకుందాం. "నీరు" అనే మాట 512 వ్యాసాలలోను, "ఫ్లోరైడ్" అనే మాట 8 వ్యాసాలలోను ఉన్నది. 1024ను 512 చేత భాగిస్తే 2; అది 2 యొక్క మొదటి ఘాతం. కాబట్టి నీటి తూకం 1. 1024ను 8 చేత భాగిస్తే 128. అది 2 యొక్క ఏడవ ఘాతం. ఫ్లోరైడ్ తూకం 7. "నల్లగొండ నీటిలో ఫ్లోరైడ్" గూర్చి అడిగినవానికి నీటిని గూర్చిన వందల వ్యాసాలకంటె ఫ్లోరైడ్ ఉన్న ఎనిమిది వ్యాసాలు ముందు రావాలి గదా! ఈ చిన్న సంవర్గమానమే ఆ పని చేసిపెడుతుంది. మూడు పత్రసముదాయాలమీద ఆమె దీనిని పరీక్షించారు. మూడింటిలోను ఫలితం మెరుగైనది. ఈ సూత్రమూ, దానినుంచి పెరిగిన పద్ధతులూ వెదకుడు యంత్రాలలో పునాదిరాళ్ళుగా నిలిచినవి.

తెలుగుకు ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్లుగా దించుకుంటే చాలునా? చాలదు. మన భాషలో ఒకే మాట నీరు, నీటి, నీళ్ళు, నీళ్ళలో అని పలు రూపాలు ధరిస్తుంది. అక్షరాలనే చూసే యంత్రం వీటిని నాలుగు వేరు మాటలుగా లెక్కిస్తుంది. ఆ 512 వ్యాసాలు నాలుగు రూపాలకూ సమానంగా, ఒక్కొక్కదానికి 128 చొప్పున పంచబడినవనుకోండి. అప్పుడు ప్రతి రూపానికీ తూకం 3 వస్తుంది. నిజంగా 1 మాత్రమే రావలసిన సామాన్యమైన మాట, రూపభేదంవల్ల లేని అరుదుతనాన్ని తెచ్చిపెట్టుకున్నది. అంటే లెక్కకు ముందు వ్యాకరణం రావాలి. ఇంగ్లీషులో కూడా ఈ చిక్కు కొంత ఉన్నది. కాని తెలుగులో విభక్తులూ, సంధులూ, సమాసాలూ కలిసి దానిని ఎన్నోరెట్లు పెంచుతాయి. తెలుగు విద్యార్థికి పరిశోధన విషయం కోసం దూరదేశాలు వెదకనవసరం లేదని దీనివల్ల తెలుస్తున్నది.

మొత్తంమీద ఈ 1964 నాటి వ్యాసాన్ని గూర్చి ఏమని తీర్పు చెప్పాలి? దాని సమాధానం అసంపూర్ణం. దాని ప్రశ్న గొప్పది. మాటల సహవాసంలోనుంచి అర్థాన్ని రాబట్టవచ్చుననే దాని ఆశ తప్పు కాలేదు. నేటి భాషాయంత్రాలు నిఘంటువులను వదలి, కోట్ల వాక్యాలలో మాటల ఇరుగుపొరుగులను లెక్కించి ఆ దారినే నడుస్తున్నవి. వ్యాసానికి లోపించినది రుజువు. ఆ రుజువును వెదకుతూ పోయిన రచయిత్రి, తాను వెదకినదానికంటె విలువైనదాన్ని కనుగొన్నారు.

పట్టం ఆశించేవారు మరొక సంగతి కూడా తెలుసుకోవాలి. డాక్టరేట్ ఉద్యోగానికి నిచ్చెన అనుకుంటే ఈ జీవితం ఆశ్చర్యం కలిగిస్తుంది. స్పార్క్ జోన్స్ చాల ఏండ్లు తాత్కాలికమైన పరిశోధన నిధులమీదే పనిచేశారు. కేంబ్రిడ్జిలో ప్రొఫెసరు పదవి ఆమెకు 1999లో, అంటే పట్టం వచ్చిన ముప్పైఐదేండ్లకు లభించినది. 2007లో ఆమె మరణించారు. ఆ ఆలస్యం మెచ్చదగినది కాదు, విద్యాసంస్థలు సిగ్గుపడవలసినది. కాని ఆ ఏండ్లలో పని ఆగలేదు.

కాబట్టి ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు చెప్పవలసినది ఇది. పరిశోధన విషయాన్ని ఎన్నుకొనేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోమనండి. నా ఊహ తప్పయితే, అది తప్పని నాకు ఏ పరీక్ష తెలియజేస్తుంది? ఆ పరీక్ష నాకు వ్యతిరేకంగా చెబితే వినడానికి నేను సిద్ధంగా ఉన్నానా? మొదటి ప్రశ్నకు జవాబు వ్యాసంలో వ్రాయవచ్చు. రెండవదానికి జవాబు వ్యాసం ముగిసిన తరువాతనే తెలుస్తుంది. చరిత్ర చదివినవారైనా, తెలుగు వ్యాకరణం చదివినవారైనా, గణితం చదివినవారైనా ఈ రెండు ప్రశ్నలకూ నిలువగలిగితే సమాచార శాస్త్రంలో వారికి చోటున్నది.