మీట నొక్కితే దిగే దేవతలు

సాహిత్యం చదువుకున్నవాళ్ళకి కంప్యూటర్ ఆటలతో ఏం పని అనొచ్చు. కానీ ఇలియడ్‌లో ఒక్క పేజీ కూడా తిప్పని పిల్లలకి అథీనా, ఆఫ్రొడైటీ, ఐసిస్ పేర్లు ఇలాంటి ఆటల్లోంచే తెలుస్తున్నాయి. ఆ దేవతలు వాళ్ళకి ఏ రూపంలో పరిచయమవుతున్నారన్నది మనం పట్టించుకోవాల్సిన విషయమే. ఎన్సెంబుల్ స్టూడియోస్ 2002లో తయారుచేసిన 'ఏజ్ ఆఫ్ మిథాలజీ'ని నేను అందుకే ఒక పాఠ్యంగా చదివాను.

గ్రీకు, ఈజిప్టు, నార్స్ నాగరికతల్లో ఒకదాన్ని ఎంచుకుని ఊరు కట్టాలి, సైన్యాన్ని నడపాలి. తిండి, కలప, బంగారంతో పాటు నాలుగో సంపద దైవానుగ్రహం. ఈజిప్టువాళ్ళకది స్మారక కట్టడాలు కడితే వస్తుంది, నార్సులకి యుద్ధం చేస్తే వస్తుంది. గ్రీకుల పద్ధతి వేరు. పొలంలోంచో గనిలోంచో పనివాళ్ళని తప్పించి గుడి దగ్గర ప్రార్థనకి నిలబెట్టాలి. ఎక్కువమందిని నిలబెట్టేకొద్దీ ఒక్కొక్కరి వల్ల సమకూరేది తగ్గుతూ వస్తుంది. భక్తిని ఇంత నిర్మొహమాటంగా చాకిరీగా లెక్కగట్టడం నన్ను ఆకట్టుకుంది. ప్రార్థించేది వాళ్ళు, ఫలం మాత్రం పైనుంచి ఆట నడిపేవాడిది. నోములూ ఉపవాసాలూ ఆడవాళ్ళ చేత చేయించి ఆ పుణ్యాన్ని మొగుడి ఆయుష్షు ఖాతాలో జమకట్టే ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ లెక్క కొత్తదేమీ కాదు.

ఇక దేవతల సంగతి. మొదటి ఆటలో తొమ్మిదిమంది ప్రధాన దైవాలుంటే అందులో స్త్రీ ఒక్క ఐసిస్. కింది వరసలోని ఇరవై ఏడుగురిలో పదకొండుమంది స్త్రీలు. హీరా కూడా ఆ కింది వరసలోనే! ఆవిడ తెచ్చే పిడుగుల వాన ఒక సైన్యాన్నే చెదరగొట్టగలదు, జ్యూస్ పిడుగు ఒక్క ప్రాణిని మాత్రమే చంపుతుంది. అయినా పెద్దపీట ఆయనదే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆఫ్రొడైటీ. ఆమె మహిమ శత్రు సైనికుల్ని పందులుగా మార్చేస్తుంది. ఒడిస్సీ తెలిసినవాళ్ళకి ఇది ఎవరి విద్యో వెంటనే తడుతుంది. మందు కలిపి మనుషుల్ని పందుల్ని చేసింది సిర్సీ. ఆటలోని కథాభాగంలో ఆమె స్వయంగా కనిపిస్తుంది, నిజమే. కానీ ఆట మొత్తంలో ఆ శక్తిని మోసేది ప్రేమదేవత పేరు. మూలికలూ మంత్రమూ ఎరిగిన స్త్రీ జ్ఞానం కాస్తా మగవాళ్ళని మృగాలుగా మార్చే అందంగా తేలిపోయింది.

మరి హోమర్ దగ్గర ఆఫ్రొడైటీ ఏం చేసింది? ఇలియడ్ మూడో సర్గలో ఓడిపోతున్న పారిస్‌ని పొగమంచులో దాచి పడకగదికి చేరుస్తుంది. ముసలి దాసి వేషంలో హెలెన్ దగ్గరికొచ్చి అతని దగ్గరికి పొమ్మంటుంది. హెలెన్ ఆమెని గుర్తుపడుతుంది, ఎదురు తిరుగుతుంది, అంత ఇష్టమైతే నువ్వే వెళ్ళి అతనికి సేవ చేసుకో అంటుంది. దేవత బెదిరిస్తే భయపడి, మాట్లాడకుండా వెళుతుంది. దైవం జోక్యం చేసుకోవడమంటే ఏమిటో ఇంతకంటే క్రూరంగా చూపించిన ఘట్టం నాకు తెలియదు. ఆ ఘట్టానికి బలమంతా హెలెన్ వాదనలో ఉంది. ఆటలో ఈ వాదనకి చోటే లేదు. పిలిస్తే రానని దేవత అనదు, మహిమ సోకినవాళ్ళు నోరెత్తరు. మీట నొక్కితే పని జరిగిపోతుంది.

ఒక్క ఐసిస్ దగ్గర మాత్రం వేరే ఊహ కనిపిస్తుంది. ఆమె కట్టడాల దాపున శత్రువు తన దేవుడి మహిమని ప్రయోగించలేడు. ప్రధాన దైవాల్లోని ఒకే ఒక్క స్త్రీకి, జోక్యాన్ని అడ్డుకునే శక్తి ఇచ్చారు. తెలిసి ఇచ్చారో యాదృచ్ఛికమో గానీ, మొత్తం ఆటలో నాకు నచ్చిన ఆలోచన ఇదే.

2002 ఆటలో ఈ మూడు నాగరికతల ఏ మహిమనైనా ఒక్కసారే వాడుకోగలం. అందుకని ఆడేవాళ్ళు తటపటాయిస్తారు, దాచుకుంటారు, ఒక్కోసారి వాడకుండానే ఓడిపోతారు. ఆ తటపటాయింపులో కొంచెం భయభక్తులు మిగిలి ఉండేవి. 2024లో వచ్చిన 'రీటోల్డ్' రూపంలో అనుగ్రహం చెల్లించి, కాసేపు ఆగి, అదే మహిమని మళ్ళీ మళ్ళీ పిలవొచ్చు. ఆటగా మెరుగే కావచ్చు, కానీ దైవం దుకాణంలో సరుకైంది. ఆ ధర పుట్టేది మళ్ళీ గుడి దగ్గర నిలబడ్డవాళ్ళ ప్రార్థనలోంచే.

నార్సుల బాల్డర్ ఇచ్చే రాగ్నరోక్ మహిమ ఈ లెక్కనంతా బయటపెడుతుంది. దాన్ని ప్రయోగించగానే ఊళ్ళో తిండీ కలపా బంగారం తెచ్చే పనివాళ్ళందరూ ఒక్కసారిగా యోధులైపోతారు. పొలాల్లో ఎవరూ ఉండరు, గనుల్లో ఎవరూ ఉండరు. ఆ దెబ్బతో గెలవకపోతే పనివాళ్ళని మళ్ళీ మొదటినుంచి ఒక్కొక్కరినే తయారుచేసుకోవాలి, దానికి సరిపడా తిండి నిలవ ఉంటే.