పలుకని పరికరమును పలికించు విద్య

కంప్యూటరునకు తగిలించు ప్రతి పరికరమునకును వేర్వేరు సాకెట్లను, వేర్వేరు తీగలను వాడవలసి వచ్చిన కాలమునకు స్వస్తి చెప్పదలచి, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్, డెక్, ఎన్‌ఈసీ, నార్టెల్ అను ఏడు సంస్థలు కూడి 1996 జనవరిలో ప్రకటించిన యూఎస్‌బీ విధానము, నేడు మౌసు మొదలుకొని తూనిక యంత్రము వరకు సమస్తమును ఏకసూత్రమున బంధించియున్నది. ఆ విధానమునకు రూపకల్పన చేసినవారిలో వడోదరలో చదివి ఇంటెల్‌లో చేరిన అజయ్ భట్ ఒకరగుట మనకు సంతోషకరమైన విషయము. అయితే పరికరమును తగిలించుట ఎంత సులభమైనదో, తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేరుతో నిమిత్తము లేక మన స్వంత ప్రోగ్రాముతో దానిని పలుకరించుట అంత సులభమైనది కాదు.

దుకాణములోనో ప్రయోగశాలలోనో ఉన్న తూనిక యంత్రము చక్కగా తూచుచునే యుండును. కాని దాని వెంట వచ్చిన సాఫ్ట్‌వేరు ఏనాటిదో యగు విండోస్‌కు తప్ప మరి దేనికిని లొంగదు. యంత్రము బాగుండగా దానిని మూలబెట్టుటకు మనసొప్పక, అది పంపు బైట్లను తామే చదువుకొన సంకల్పించు ప్రోగ్రామర్లకు పైథాన్ భాషలోని పైయూఎస్‌బీ అను లైబ్రరీ ఆధారమైనది. దాని చుట్టును, గ్రంథస్థమైనది కొంతయు, అనుభవజ్ఞులు ఒకరికొకరు చెప్పుకొనగా నిలిచినది కొంతయుగా, దోషనిర్ణయమునకు ఒక సంప్రదాయము ఏర్పడియున్నది. లినక్స్ కంప్యూటరునకు తగిలించిన ఆ తూనిక యంత్రమునే ఉదాహరణముగా గైకొని ఆ సంప్రదాయమును పరిశీలింతము.

ముందుగా గ్రహింపదగినది, యూఎస్‌బీలో పరికరము తనంత తానుగా మాటలాడదనుట. గురువు అడిగిననే గాని నోరు మెదపని శిష్యునివలె, హోస్టు అనబడు కంప్యూటరు ప్రశ్నించినప్పుడే అది బదులిచ్చును. కావున పరికరము పలుకుట లేదను ఫిర్యాదునకు అర్థము, అనేక పర్యాయములు, మన ప్రశ్న దానిని చేరుట లేదనియే. ఆ ప్రశ్న మన ప్రోగ్రామునుండి పైయూఎస్‌బీకిని, అందుండి సీ భాషలో వ్రాయబడిన లిబ్‌యూఎస్‌బీకిని, పిదప కెర్నెల్‌కును, పోర్టునకును, కేబులునకును పోయి, తుదకు పరికరమును చేరవలెను. ఎచ్చట ఆగినదో తెలియకయే ప్రోగ్రాములోని పంక్తులను అటునిటు మార్చుచుండుట కాలహరణమే. దోషసంఖ్య ఆ చోటును చూపును. చూపుచున్నను చదువువారు అరుదు.

ఎల్ఎస్‌యూఎస్‌బీ అను ఆజ్ఞతో మొదలిడుట పెద్దల పద్ధతి. అందు పరికరము కనబడనిచో పైథాన్‌ను నిందించి ఫలము లేదు. ఛార్జింగునకు మాత్రమే పనికివచ్చి, డేటా తీగలు లేని కేబులే కారణము కావచ్చును. కనబడినచో తయారీదారు సంఖ్య, వస్తుసంఖ్య అను రెండింటిని అచ్చటనుండియే వ్రాసికొనవలెను. ఆ సంఖ్యలు షోడశాంక పద్ధతిలో నుండును గనుక, ముందు సున్నయు ఎక్స్ అక్షరమును చేర్చక దశాంశ సంఖ్యలుగా వ్రాసినవారికి లైబ్రరీలోని ఫైండ్ అను ఫంక్షను ఏ పరికరమును కనుగొనజాలక ‘నన్’ అను శూన్యమును చేతబెట్టును. దోషము మాత్రము ఆ పంక్తిలో కాక, ఆ శూన్యమును పరికరమని భ్రమించి వాడిన తరువాతి పంక్తిలో బయటపడును. బ్యాకెండ్ లేదను ఫిర్యాదు వేరొక జాతికి చెందినది. లిబ్‌యూఎస్‌బీ ఆ కంప్యూటరులో లేదనియో, ఉన్నను దొరకలేదనియో దాని భావము.

పరికరము దొరకిన పిమ్మట ఎదురగునది 13వ సంఖ్య, అనగా అనుమతి లేదను నిరాకరణము. సుడో అను పదమును ముందుంచి సర్వాధికారముతో నడుపుట బహుజనులు త్రొక్కు అడ్డదారి. తూనిక చదువుటకు యంత్రాంగమంతటిపైన అధికారమును కోరుట నా దృష్టిలో దురభ్యాసము. ఆ ఒక్క పరికరమునకు యూడెవ్ నియమము నొకదానిని వ్రాసి, నియమములను మరల చదివించి, కేబులును ఊడదీసి తిరిగి పెట్టుట సక్రమమైన మార్గము. ఇచ్చట ఒక సూక్ష్మము కలదు: లాగిన్ అయినవారికి అనుమతి నొసగు యూయాక్సెస్ గుర్తును వాడునప్పుడు, ఆ నియమమున్న ఫైలు పేరు 73 కంటె తక్కువ సంఖ్యతో మొదలు కావలెను, 99తో మొదలిడినవారి నియమము, వ్రాత శుద్ధముగా నున్నను, ఆలస్యముగా వచ్చి వ్యర్థమగును.

తదుపరి 16వ సంఖ్య వచ్చును. పరికరము మరొకరి అధీనమున నున్నదని దాని తాత్పర్యము. తూనిక యంత్రము కీబోర్డు, మౌసుల కుటుంబమునకే చెందినదగుటచే, తగిలించిన వెంటనే కెర్నెల్‌లోని యూఎస్‌బీహెచ్ఐడీ అను డ్రైవరు దానిని స్వాధీనపరచుకొనును. ఆ డ్రైవరును తొలగించి, పని ముగిసిన పిదప మరల నిలుపుట మర్యాద. వస్తుసంఖ్యను పొరపాటుగా వ్రాసి తమ కీబోర్డు డ్రైవరునే తొలగించుకొన్నవారు, దానిని తిరిగి నిలుపు ఆజ్ఞను టైపు చేయుటకు కీబోర్డు లేక చిక్కుపడుదురు. కాన్ఫిగరేషన్ అప్పటికే అమరియున్న పరికరమునకు మరల అమర్చుటయు క్షేమకరము కాదు. ఆ పని పరికరమును కొంతమేరకు రీసెట్ చేయును, వేరొక ఇంటర్‌ఫేసు వాడుకలో నున్నచో ఇదే 16వ సంఖ్యను తెచ్చును.

ఇక అసలైన సంభాషణము. పరికరమునందు ఎండ్‌పాయింట్లను ద్వారములు కొన్ని యుండును; ఒక్కొక్క ద్వారమునకు దిక్కు ఒక్కటే. చిరునామాలోని అగ్రబిట్టు 1 అయినచో కంప్యూటరునకు వచ్చునది, 0 అయినచో కంప్యూటరునుండి పోవునది. సున్న సంఖ్య గల నియంత్రణ ద్వారము మాత్రము ఉభయముఖము. షోడశాంక పద్ధతిలో 82 యనగా రెండవ సంఖ్య గల రాక ద్వారము. ఊహించి వ్రాయుట కంటె, పరికరము తన డిస్క్రిప్టర్లలో చెప్పుకొన్న చిరునామాను చదువుట మేలు.

చదువబోగా 110వ సంఖ్య, అనగా కాలాతీతము, రావచ్చును. పైయూఎస్‌బీ వేరుగా చెప్పనిచో 1000 మిల్లీసెకన్లు మాత్రమే వేచియుండును. ఇది అన్నివేళల దోషము కాదు. నిద్రాణమైన యంత్రము చెప్పుటకు వార్త లేక మిన్నకున్నదేమో! అట్టి చోట కాలాతీతమును సహజముగా స్వీకరించి మరల అడుగుటయే తగును. కోరిన బైట్ల కంటె ఎక్కువ వచ్చినచో 75వ సంఖ్య కలుగును. కావున చిన్న చిన్న భాగములుగా అడుగక, ఆ ద్వారము ప్రకటించిన గరిష్ఠ ప్యాకెట్ పరిమాణమునకు తగినట్లు అడుగవలెను. 32వ సంఖ్యకు తత్త్వము వేరు: అది పరికరము బుద్ధిపూర్వకముగా చేసిన నిరాకరణము. ప్రశ్న దానిని చేరినది, కాని దానికి సమ్మతము కాలేదు. నియంత్రణ ద్వారమున నైనచో తరువాతి ప్రశ్నతో అది తనంత తానుగా తొలగును. ఇతర ద్వారములలో క్లియర్ హాల్ట్ అను ఆజ్ఞతో తొలగింపవలెను.

ఇన్ని దాటిన పిదప 3, 4, 2, 255, 210, 4 అని ఆరు బైట్లు చేతికందును. మొదటిది నివేదిక సంఖ్య. రెండవదియగు 4 బరువు స్థిరపడినదనియు, మూడవదియగు 2 ప్రమాణము గ్రాములనియు తెలుపును. చివరి రెండు బైట్లలో తక్కువ స్థానవిలువ గలది ముందు వచ్చును గనుక, 4ను 256తో హెచ్చించి 210 కలుపగా 1234 వచ్చును. నాల్గవదానిని పదికి ఘాతముగా గ్రహింపవలెను. పైయూఎస్‌బీ బైట్లను ధనసంఖ్యలుగానే అందించును. ఇక్కడి 255 యథార్థమునకు ఋణము 1. అది తెలిసినవానికి బరువు 123.4 గ్రాములు, తెలియనివానికి బల్లపైనున్న పొట్లము బ్రహ్మాండమును మించి తూగును. ఇట్టి తప్పునకు దోషసంఖ్య లేదు, హెచ్చరికయు లేదు. అందువలననే, ఎరిగిన బరువు నొకదానిని పెట్టి సరిచూచుకొనని పని పూర్తియైనదని నేనొప్పుకొనను.

విండోస్‌లో అనుమతుల బాధ కంటె డ్రైవరు బాధ అధికము. జాడిగ్ అను సాధనముతో విన్‌యూఎస్‌బీ డ్రైవరును అమర్చినగాని లిబ్‌యూఎస్‌బీ పెక్కు పరికరములను తెరువజాలదు. ఏ వేదికపైనను చిక్కు విడనిచో, పైయూఎస్‌బీ డీబగ్ అను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు డీబగ్ అను విలువ నిచ్చి, లైబ్రరీ ప్రతి పిలుపును వెల్లడించునట్లు చేయవచ్చును. లినక్స్‌లో యూఎస్‌బీమాన్‌ను, వైర్‌షార్క్‌ను జతపరచి, కెర్నెల్‌కును పరికరమునకును నడుమ జరుగు రాకపోకలను కనులార చూడవచ్చును. తయారీదారు మరచిన యంత్రములకు మరల వృత్తి కల్పించుచున్నది ఈ విద్యయే.

పాఠకులలో ఈ పనికి పూనుకొని నడుమ చిక్కుపడినవారు, అనుభవజ్ఞుల సాయము కోరునప్పుడు ‘పని చేయుట లేదు’ అని మాత్రము వ్రాసి ఊరకుండక, దోషసందేశమును సంఖ్యతో సహా యథాతథముగను, పరికరపు డిస్క్రిప్టర్లను, ఆపరేటింగ్ సిస్టమ్ పేరును, రెండు లైబ్రరీల వెర్షన్లను జతపరుపవలెనని ప్రార్థన.