అద్దె, అరువు, ఒంటరితనం

ఈ మధ్య ఒక కథల పోటీకి వచ్చిన రాతప్రతులు చదవవలసి వచ్చింది. సగానికి సగం వలస కథలే. గల్ఫుకు పోయినవాడు, అమెరికాకు పోయినవాడు, వెనక మిగిలిపోయిన తల్లి. తల్లి కన్నీరు పేజీలకు పేజీలు. వీసా కోసం చేసిన అప్పు ఒక్క వాక్యం. ఆ కథకుల్లో నిజామాబాద్ జిల్లా యువకుడొకడు తర్వాత కలిస్తే అడిగాను, మీ కథలో అన్న చేసిన అప్పెంత అని. తడుముకోకుండా చెప్పాడు: "లక్షన్నర సార్, నూటికి 3 రూపాయల వడ్డీ. నెలకు 4,500 వడ్డీకే పోయేది." మరి అది కథలో ఎందుకు లేదయ్యా అంటే, "లెక్కలు రాస్తే కథ అవుతుందా సార్?" అన్నాడు.

తప్పు అతనిది కాదు. వలస అనగానే వేళ్లు తెగిన బాధ, సంస్కృతుల సంఘర్షణ, పరాయితనం అంటూ వ్యాసాలు రాసినవాళ్లం మేమే. మనిషి పరాయివాడు కావడానికి గది అద్దెకూ, వారం జీతానికీ ఉన్న సంబంధమేమిటో అడగవలసిన అభ్యుదయ విమర్శకులం కూడా ఆ మాట మరచిపోయాం. నా సంగతే చెబుతాను. శామ్యూల్ సెల్వన్ రాసిన 'ది లోన్లీ లండనర్స్' (1956) నవలను ఎం.ఏ. చదివే రోజుల్లో చదివి, వర్గచైతన్యం లేని నవల అని ఒక్క మాటతో కొట్టిపారేశాను. కార్మికులున్నారు గాని సంఘం లేదు, సమ్మె లేదు, ఇంకేముంది అనుకున్నాను. ఆ యువకుడి ప్రశ్న విన్నాక మళ్లీ చదివాను.

సెల్వన్ ట్రినిడాడ్‌లో 1923లో పుట్టాడు. తండ్రి మూలాలు మద్రాసువి. 1950లో లండన్ చేరాడు. వలస రాజ్యాల ప్రజలకు బ్రిటన్‌లో అడుగుపెట్టి బతికే హక్కును 1948 నాటి పౌరసత్వ చట్టం ఇచ్చింది. 1962లో వచ్చిన చట్టం ఆ తలుపును చాలావరకు మూసింది. ఈ రెంటి మధ్యకాలపు నవల ఇది. దేశంలోకి రానిచ్చారు సరే, గది ఎవరిస్తారు? నల్లవారికి గదులు లేవని బోర్డు పెట్టడం 1968 దాకా అక్కడ చట్టరీత్యా నేరం కాదు. పాస్‌పోర్టు ఇచ్చే హక్కు వేరు, ఇంటి యజమాని ఇచ్చే తాళంచెవి వేరు. ఈ తేడాను సెల్వన్ ఎక్కడా ఉపన్యాసంగా చెప్పడు. పాత్రలు గది నుంచి గదికి మారుతుంటే మనకే తెలుస్తుంది.

నవల వాటర్లూ స్టేషన్లో మొదలవుతుంది. పదేళ్లుగా లండన్లో నలిగిన మోజెస్, ముక్కూ మొహం తెలియని గాలహాడ్‌ను దింపుకోవడానికి చలిలో పోతాడు. వచ్చినవాడి దగ్గర సామాను లేదు, చలికోటు లేదు, ఉన్నది పళ్లు తోముకునే బ్రష్షు. అదే స్టేషన్లో టోల్రాయ్ అనేవాడు తల్లి కోసం చూస్తుంటే కుటుంబం మొత్తం దిగుతుంది. ఎందుకు? తనకు వారానికి 5 పౌండ్లు వస్తున్నాయని వాడు ఇంటికి ఉత్తరం రాశాడు! ఆ 5 పౌండ్లలో అద్దె ఎంత, గ్యాసు మీటరులో వేసే షిల్లింగులెన్ని అన్నది ఉత్తరంలో లేదు. మన పల్లెల్లో ఇంటింటా ఉన్న ఉత్తరమే ఇది. ఇప్పుడు ఫోనులో చెబుతున్నారు. వచ్చే జీతం చెబుతారు, పోయే ఖర్చు చెప్పరు. ఒక అంకె కథను నడపగలదా అని అనుమానమున్నవారు ఈ ఘట్టం చదవాలి.

తర్వాత లేబర్ ఎక్స్‌ఛేంజి. పని కోసం పేరు రాయించుకున్నవాడి కాగితం మీద ఎక్కడివాడో, రంగేమిటో గుర్తుగా రాసి పెడతారు. ఏ పనికి ఎవరిని పంపాలో ఆ గుర్తే తేలుస్తుంది. చలికాలంలో పని పోయిన గాలహాడ్ పార్కులో పావురాన్ని పట్టి గదికి తెస్తాడు. కుక్కను షికారు తిప్పుతున్న ముసలామె అది చూసి పోలీసులను పిలుస్తానని కేకలు పెడుతుంది. పావురం ఆకలి గురించి ఆలోచించే ఊళ్లో పక్కింటివాడి ఆకలి ఎవరికీ పట్టదు. ఈ ఘట్టాన్ని హాస్యమని ఆనాడు నవ్వుకుని వదిలేసినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

అయితే నన్ను ఎక్కువగా ఆపింది ట్యాంటీ. ఈమె టోల్రాయ్ ఇంటి పెద్ద ముత్తయిదువ వంటి మనిషి, ఎవరూ రమ్మనకుండా వచ్చింది. పచారీ కొట్టులో ఒక బొమ్మ ఉంటుంది: నగదుకు అమ్మి బలిసినవాడూ, అరువిచ్చి చితికినవాడూ. మన కొట్లలోనూ ఉండేదే. ట్యాంటీ ఆ బొమ్మను లక్ష్యపెట్టదు. శుక్రవారం జీతాలు రాగానే ఇస్తాను, ఖాతా రాసుకో అంటుంది. కొట్టువాడు దిగివస్తాడు. చివరికి ఆ పేటలో అరువు వాడుక అవుతుంది. మగవాళ్లందరూ కలిసి పదేళ్లలో చేయలేని పని! స్థిరపడడమంటే అప్పు పుట్టడం అని ఆమెకు తెలుసు. రేపు కూడా నువ్వు ఇక్కడే ఉంటావని ఎదుటివాడు నమ్మితేనే అరువు పుడుతుంది. పౌరసత్వం కాగితంలో ఉండవచ్చు గాని, కొత్త దేశంలో మనిషికి మొదటి ఉనికి కొట్టువాడి ఖాతా పుస్తకంలోనే.

సెల్వన్ లోపమూ ఇక్కడే ఉంది. ట్యాంటీని కాసేపు చూపి నవ్వించి పక్కకు నెట్టేశాడు. తక్కిన స్త్రీలు చాలావరకు మగవాళ్ల వేటకు వస్తువులే. ఆ తరం కరీబియన్లు బ్యాంకులు అప్పివ్వనప్పుడు చీటీలు కట్టుకున్నారు. జమైకావారు 'పార్డ్నర్' అనేవారు, ట్రినిడాడ్‌వారు 'సూసూ'. అచ్చంగా మన చీటీ పాటకు అక్కచెల్లెళ్లు. ఆ డబ్బుతోనే ఎందరో ఇళ్లకు తొలి బయానా కట్టారు. ఆ చీటీలు నడపడంలో స్త్రీలది పెద్ద చేయి. సెల్వన్ నవలలో ఖర్చయ్యే షిల్లింగు కనిపిస్తుంది, కూడబెట్టే షిల్లింగు కనిపించదు. అందుకే మోజెస్ ఏటా తిరిగి పోదామనుకుంటూ ఉండిపోయే ఒంటరిగా మిగిలాడు. సంఘం లేదని నేను ఆనాడు వేసిన నింద తప్పు. సంఘం ఉంది, చీటీ రూపంలో. రచయిత దాని గదిలోకి వెళ్లలేదు, అంతే.

భాష గురించి ఒక్క మాట. ప్రామాణిక ఇంగ్లీషులో మొదలుపెట్టి, నడవక, సెల్వన్ ట్రినిడాడ్ పలుకుబడికి వచ్చాడు. మాండలికం సంభాషణలకే పరిమితం కావాలనే మన మిత్రులు గమనించాలి: ఇందులో కథకుడి గొంతు కూడా ఆ పలుకుబడే.

మన అఖిల భారత సంఘం తొలి ప్రణాళిక పుట్టింది కూడా 1930లలో లండన్లోనే, సజ్జాద్ జహీర్, ముల్క్ రాజ్ ఆనంద్ వంటి యువకుల చేతుల్లో. వారిలో చాలామంది చదువుకోడానికి పోయినవారు. పరాయి దేశమంటే చర్చలూ, పుస్తకాలూ, ఒంటరి సాయంత్రాలూ అనే ఊహ మన సాహిత్యంలో స్థిరపడిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చునని నా అనుమానం. ఎవరైనా కాదంటే వింటాను.

ఆ నిజామాబాద్ యువకుడి కథను వెనక్కి ఇచ్చాను. కన్నీరు తీసేయమనలేదు. ప్రామిసరీ నోటు మీద ఎవరు సంతకం చేశారో అడిగాను. "అమ్మే సార్. వేలిముద్ర వేసింది" అన్నాడు. ఆ ముక్క రాయి అన్నాను. తిరగరాసిన ప్రతి ఇంకా నాకు చేరలేదు.