‘ఆంధ్రుల హక్కు’లో మన వాటా ఎంత?

‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అన్న నినాదం పుట్టి అరవై ఏళ్లు కావస్తోంది. తెలుగువాళ్లు ఇంతగా గుర్తుపెట్టుకున్న రాజకీయ వాక్యాలు చాలా తక్కువ. కథల్నీ కవితల్నీ చదివినంత శ్రద్ధగా నినాదాలను మనం చదవం. గోడమీద ఉన్నంతకాలం చూస్తాం, తర్వాత మరిచిపోతాం. ఈ నినాదాన్ని మాత్రం ఒకసారి ఆగి చదవాలి. హక్కు అన్నాక ఆ హక్కు ఎవరిదో, దేనిమీదో, దాన్ని ఎలా వాడుకోవాలో చెప్పాలి. ‘ఆంధ్రులు’ అన్న బహువచనంలో ఎవరెవరు ఉన్నారు? భూమి ఇచ్చిన గంగవరం, పెదగంట్యాడ వైపు ఊళ్ల ఆడవాళ్లు ఉన్నారా? ఫర్నేస్ దగ్గర కాంట్రాక్టరు కింద పనిచేసే మనిషి ఉన్నాడా? అతని భార్య ఉందా?

ఈ ప్రశ్నలు ఇప్పుడెందుకంటే, మతతత్వ రాజకీయాలను ఎలా ఎదుర్కోవాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మన వామపక్ష మిత్రులు ఆర్థిక సమస్యల వైపు వేలు చూపిస్తారు. ఉపాధి, భూమి, ప్రభుత్వరంగం చుట్టూ జనాన్ని కూడగడితే మతం పేరుతో చీల్చేవాళ్లు వాళ్లంతట వాళ్లే వెనక్కి పోతారంటారు. ఈ వాదనకు విశాఖను మించిన పరీక్ష మన దగ్గర లేదు.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా ప్రాణాలు పోగొట్టుకున్నవారు 32 మంది అని చెప్పుకుంటాం. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. జాతికి అంకితం అయ్యేసరికి 1992 వచ్చింది. సొంత ఇనుప గనులు మాత్రం ఈనాటికీ రాలేదు. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం దీన్ని నూటికి నూరు శాతం అమ్మాలని నిర్ణయించింది. ఫిబ్రవరి 12న కూర్మన్నపాలెంలో కార్మిక సంఘాల శిబిరం మొదలైంది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. కార్మికుల పోరాటమే లేకపోతే ఆ మాత్రమైనా వచ్చేది కాదు.

ఆ శిబిరానికి వెన్నెముక వామపక్ష సంఘాలే. ఎండలోనూ వానలోనూ ఏళ్లతరబడి కూర్చున్నవాళ్ల పట్టుదలను ఎవరూ తక్కువ చేయలేరు. కానీ శిబిరం మొదలైన నెలరోజులకే, 2021 మార్చిలో, విశాఖ నగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగాయి. 98 వార్డుల్లో సి.పి.ఎం.కి ఒకటి, సి.పి.ఐ.కి ఒకటి దక్కాయి. మూడేళ్ల తర్వాత 2024లో, అమ్మకం నిర్ణయం తీసుకున్న పార్టీ ఉన్న కూటమినే ఉక్కు కార్మికులు నివసించే గాజువాక భారీ మెజారిటీతో గెలిపించింది. అంతకు పదేళ్ల ముందు, 2014లో, విశాఖ లోక్‌సభ స్థానం నేరుగా బి.జె.పి.కే దక్కింది.

దీనికి డబ్బు, కులం, మద్యం, మతోన్మాదం, జనంలో చైతన్యం లేకపోవడం అని మామూలు సమాధానాలు సిద్ధంగా ఉంటాయి. వీటిలో కొంత నిజం లేకపోలేదు. కానీ ప్రతిసారీ తప్పు జనందే అయితే, మన రాజకీయాన్ని మనం ఎప్పుడు పరిశీలించుకుంటాం? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. విశాఖలో వామపక్షం యాజమాన్యం కోసం పోరాడింది, ప్రజాస్వామ్యం కోసం పోరాడలేదు. కర్మాగారం ఎవరి పేరున ఉండాలన్న ప్రశ్నమీద ఎంత గట్టిగా నిలబడిందో, కర్మాగారంలో, దాని చుట్టూ ఉన్న ఊళ్లలో, ఇళ్లలో నిర్ణయాలు ఎవరు చెయ్యాలన్న ప్రశ్నమీద అంత మౌనంగా ఉండిపోయింది.

మొదట భూమి సంగతి. 64 గ్రామాలు లేచిపోయాయి. సుమారు 16 వేల కుటుంబాలు నిర్వాసితులయ్యాయి. వాళ్లకు ‘ఆర్ కార్డు’లు ఇచ్చారు, కుటుంబానికో ఉద్యోగం వస్తుందన్నారు. దాదాపు సగం మందికే వచ్చింది. మిగిలినవాళ్ల పిల్లలకు కూడా వయసు మీరిపోయింది. ఇందులో ఆడవాళ్ల లెక్క వేరే ఉంది. పరిహారం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకు పోతుంది, ఉద్యోగం ఇంటి మగపిల్లవాడికి పోతుంది. జీడితోటల్లో, వరిచేలల్లో, కూరమళ్లలో పనిచేసి సొంతంగా నాలుగు డబ్బులు చూసిన ఆడది ఏం పోగొట్టుకుందో ఏ రిజిస్టరూ రాసుకోలేదు. ఆ ఊళ్లలో ఆమెకు కూలి ఉండేది, పశువు ఉండేది, పుల్లా పుడకా దొరికే దిబ్బ ఉండేది. కాలనీకి వచ్చాక ఆమె ఉద్యోగస్తుడి భార్యగానో, ఉద్యోగం రానివాడి భార్యగానో మిగిలింది.

తర్వాత గేటు లోపలి సంగతి. అమ్మకం నిర్ణయం వచ్చేనాటికి పర్మనెంటు ఉద్యోగులకు దాదాపు సమానంగా కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు. వాళ్లు కూడా అదే వేడిలో, అదే దుమ్ములో పనిచేస్తారు. జీతం వేరు, వైద్యం వేరు, క్వార్టరు లేదు. 2024 సెప్టెంబరులో వేలమంది గేటు పాసులను ఒక్కసారిగా ఆపేశారు. ఆందోళన జరిగాక తిరిగి ఇచ్చారు, ఆ తర్వాత తొలగింపులు మళ్లీ మొదలయ్యాయి. పరిశ్రమల నిర్వహణలో కార్మికులకు భాగం ఉండాలని రాజ్యాంగంలో 43-ఎ అధికరణం 1976 నుంచీ ఉంది. జీతాల బేరానికి జాతీయస్థాయిలో సంయుక్త కమిటీ ఉంది. కానీ ఉక్కు కర్మాగారం బోర్డులో కార్మికులు ఎన్నుకున్న మనిషి కూర్చోలేదు. నిర్వాసితుల ప్రతినిధి సంగతి అడగనక్కరలేదు. ‘ప్రజల ఆస్తి’ అని మనం అన్నదాన్ని నడిపింది ఢిల్లీలోని మంత్రిత్వశాఖ. అలాంటప్పుడు ఒక మంత్రివర్గ సంఘం ఒక సాయంత్రం కూర్చుని దాన్ని అమ్మేస్తామంటే, ‘మమ్మల్ని అడగకుండా ఎలా అమ్ముతారు?’ అనే అధికారం ఏ వ్యవస్థలోనూ ఎవరికీ లేకపోయింది.

ఈ సంగతి మన కథకులు ఎప్పుడో చెప్పారు. కాళీపట్నం రామారావు విశాఖలో బడిపంతులుగా పనిచేస్తూ 1960లలో ‘యజ్ఞం’ రాశారు. ఆ కథలో ప్రజాస్వామ్యానికి లోటేమీ లేదు. ఊరంతా కూర్చుంటుంది, పెద్దలు ఓపికగా వింటారు, అప్పల్రాముడికి మాట్లాడే అవకాశం ఇస్తారు, న్యాయం గురించి ఎంతో చర్చిస్తారు. చివరికి అప్పు తీర్చాల్సిందేనని తేలుతుంది. తన బిడ్డ బానిసగా బతకకూడదని సీతారాముడు ఆ బిడ్డను చంపేస్తాడు. ఆ ముగింపుమీద మన విమర్శకులు ఎంతో వాదించుకున్నారు, అది విప్లవమా, నిస్పృహా అని. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఆ సభ. అందరికీ మాట ఉంది, ఆస్తి మాత్రం కొందరికే ఉంది. ఆస్తి లేనివాడి మాట ఎంత న్యాయమైనా తీర్పులో అది లెక్కకు రాదు. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేడ్కర్ హెచ్చరించింది కూడా దీన్నే. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం కలిసి ఎక్కువకాలం నిలవవని ఆయన అన్నారు. ఇక ఆ బిడ్డను కన్నతల్లి మాట ఆ తగవులో ఎక్కడ లెక్కకొచ్చింది? అభ్యుదయ విమర్శ ఆ ప్రశ్న పెద్దగా అడగలేదు.

విశాఖ గురించి రాసిన మరో పెద్ద రచయిత రావిశాస్త్రి. ‘మాయ’ కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, పోలీసూ ప్లీడరూ కోర్టూ అన్నీ తనలాంటివాళ్ల మీద బతుకుతున్న సంగతిని కుర్ర వకీలుకు విడమరిచి చెప్తుంది. రాజ్యాన్ని అంత స్పష్టంగా అర్థం చేసుకున్న మనిషి ఏ సంఘంలో సభ్యురాలు? ఏ సంఘానికీ ఆమె పనికిరాదు. ఆమెకు ఫ్యాక్టరీ లేదు, మజూరీ లేదు, గేటు లేదు. కార్మికుడు అనగానే మన పోస్టర్లలో కనిపించే బొమ్మ హెల్మెట్టు పెట్టుకున్న మగవాడిదే.

ఆ బొమ్మ విశాఖ శివార్లలో ఎప్పుడో మారిపోయింది. అచ్యుతాపురం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. అక్కడ వెయ్యి ఎకరాల బ్రాండిక్స్ దుస్తుల సెజ్‌లో కుట్టుపని చేసేవాళ్లలో అత్యధికులు ఆడపిల్లలు. తెల్లవారుజామున ఊళ్లలో బస్సెక్కి, సాయంత్రానికి ఊళ్లలో దిగుతారు. 2022 జూన్‌లో విషవాయువు పీల్చి పెద్దసంఖ్యలో పడిపోయారు. ఆగస్టు 2న మళ్లీ వందమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. సెజ్‌లో సంఘం పెట్టుకోవడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. వామపక్ష సంఘాలు ఆసుపత్రికి వెళ్లాయి, ధర్నాలు చేశాయి. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ నగర ఉద్యమానికి కేంద్రం మాత్రం కూర్మన్నపాలెమే. ఈ పిల్లల కుట్టుమిషను ‘ఆంధ్రుల హక్కు’ కాలేకపోయింది. ఎందుకు కాలేకపోయిందో ఆలోచించాలి.

ఇది కొత్త జబ్బు కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ సాయుధపోరాటంలో తుపాకి పట్టిన ఆడవాళ్లను, అడవిలో బిడ్డను వదులుకున్న తల్లిని, 1951లో పోరాటం ఆగిపోయాక ఇంటికి వెళ్లి సంసారం చేసుకోమన్నారు. భూమి పంపకం రాజకీయం, ఇంటిపని వ్యక్తిగతం అన్న విభజన అప్పుడే ఖాయమైపోయింది. ఎనభైలలో, తొంభైలలో మనం ఈ విభజనను ప్రశ్నించినప్పుడు వర్గపోరాటాన్ని చీలుస్తున్నామన్నారు. ఎవరు ఎవర్ని చీల్చారో ఇప్పుడైనా నిదానంగా మాట్లాడుకోవచ్చు.

ఎందుకంటే మనం ఖాళీగా వదిలేసిన చోటు ఖాళీగా ఉండదు. హిందూ మతతత్వవాదులు ఇంటి రాజకీయాన్ని మనకంటే ముందే గుర్తించారు. రాష్ట్ర సేవికా సమితి 1936లోనే పుట్టింది. తల్లి, గృహిణి అన్న పాత్రలను దేశానికి ముడిపెట్టి, ఆడవాళ్లకు ఒక గౌరవం, ఒక కూడిక, బయటికి రావడానికి పెద్దలు కాదనలేని ఒక కారణం ఇచ్చింది. ఆస్తిలో వాటా ఇవ్వదు, నిర్ణయంలో మాట ఇవ్వదు, కానీ ‘నువ్వు మాదానివి’ అంటుంది. వారానికోసారి భజనకు పిలుస్తుంది. ఆరు రోజులు మిషను దగ్గరో పొయ్యి దగ్గరో గడిపి ఏడోరోజు ఆ పిలుపు అందుకున్న స్త్రీని చైతన్యం లేనిదని ఈసడించే ముందు, మనం ఆమెను ఎక్కడికి పిలిచామో చెప్పుకోవాలి.

ఒక అవకాశం మన చేతికొచ్చి జారిపోయింది కూడా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమం ఇంటిఖర్చునూ ప్రభుత్వ ఆదాయాన్నీ ఒకేచోట నిలదీసింది. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ కూడికలోంచే పొదుపు సంఘాలు బలపడ్డాయి. ఆడవాళ్లు తమ డబ్బును తామే లెక్కరాసుకోవడం చిన్న సంగతి కాదు. కానీ ప్రభుత్వాలు వాటిని మీటింగులకు జనాన్ని తోలుకొచ్చే, అప్పులు వసూలు చేసే సాధనాలుగా మార్చేశాయి. 2010 నాటి సూక్ష్మరుణాల సంక్షోభంలో ఆ అప్పులే ప్రాణాలు తీశాయి. పొదుపును ఆర్థిక ప్రజాస్వామ్యంగా మార్చే పనిని వామపక్షం తనది అనుకోలేదు. ములుకనూరులో 2000లో మొదలైన మహిళా సహకార డెయిరీలాంటివి చూస్తే అది అసాధ్యం కాదని తెలుస్తుంది. అక్కడ పాలు పోసే ఆడవాళ్లే సభ్యులు, వాళ్లే పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు.

ఈ అనుభవం మన ఒక్కరిదే అనుకోవద్దు. ఫ్రాన్స్‌లోని లొరేన్ ప్రాంతంలో అయాంజ్ అని ఒక ఉక్కు పట్టణం ఉంది. ఆర్సెలర్ మిట్టల్ అక్కడి బ్లాస్ట్ ఫర్నేసులను ఆర్పేసింది. 2014లో ఆ పట్టణం తీవ్ర మితవాద పార్టీ మనిషిని మేయర్‌గా ఎన్నుకుంది. ఆయన అంతకుముందు వామపక్ష కార్మిక సంఘంలో పనిచేసినవాడే. ఉద్యోగాలు కాపాడాలన్న నినాదం ఓడిపోయాక, ‘మనవాళ్లు, పరాయివాళ్లు’ అన్న నినాదం అక్కడి జనానికి దగ్గరైంది. ఇప్పుడు అదే కంపెనీ జపాన్ భాగస్వామితో కలిసి అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర కొత్త ఉక్కు కర్మాగారం తలపెట్టింది. ఆ మండలంలోనే రాజయ్యపేట మత్స్యకారులు 2025లో బల్క్ డ్రగ్ పార్కు వద్దని రోడ్డెక్కారు. అరవై ఏళ్ల కింద ఉక్కు కావాలని ప్రాణాలిచ్చిన నేలమీద, ‘మమ్మల్ని అడిగారా?’ అన్న ప్రశ్న ఇప్పుడు సముద్రపు ఒడ్డునుంచి వస్తోంది.

ప్రభుత్వరంగం మెడమీద కత్తి ఉన్నప్పుడు ఇలాంటి ప్రశ్నలు వేస్తే అమ్మేవాళ్లకే లాభం కదా అని కొందరంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఉక్కు కర్మాగారం ప్రభుత్వరంగంలోనే ఉండాలి, అందులో రెండో మాట లేదు. ప్రైవేటుపరం అయితే మొదట పోయేది రిజర్వేషను, తర్వాత పోయేది కాంట్రాక్టు కార్మికుడి మిగిలిన కాస్త రక్షణ. కానీ కాపాడుకోమని పిలిచేటప్పుడు, కాపాడుకోవాల్సినవాళ్లకు అందులో ఏం ఉందో చెప్పాలి. బోర్డులో కాంట్రాక్టు కార్మికులతో సహా అందరూ ఓటేసి ఎన్నుకున్న ప్రతినిధులు, అందులో స్త్రీలు, నిర్వాసితులు ఉండాలని శిబిరం మొదటి డిమాండుగా పెట్టి ఉంటే? ఉపాధిహామీ పనులకు మన రాష్ట్రంలో 2006 నుంచి సామాజిక తనిఖీ జరుగుతోంది. ఊరి మధ్యలో కూలీల ముందు మస్తర్లు చదువుతారు. గొట్టంలోంచి వచ్చే పొగకూ, కాలువలోకి వదిలే నీళ్లకూ, కాంట్రాక్టరు ఇచ్చే కూలికీ అలాంటి తనిఖీ ఎందుకు ఉండకూడదు? 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌.జి. పాలిమర్స్ గ్యాస్‌కు 12 మంది ప్రాణాలు పోయాక కూడా ఆ డిమాండు ఒక ఉద్యమంగా మారలేదు.

1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంగా విశాఖ విద్యార్థులు ఒక కరపత్రం పంచారు. రచయితలారా మీరెటువైపు అని అడిగారు. ఆ ప్రశ్న తెలుగు సాహిత్యాన్ని రెండుగా చీల్చింది, ఒక తరాన్ని కదిలించింది. ఆనాడు అది వైపుల గురించిన ప్రశ్న. ఆ వైపు చేరినవాళ్లలో ఎవరు మాట్లాడాలి, ఎవరు టీ కాచాలి, ఎవరు లెక్కలు చూడాలి అన్నది అప్పుడు ప్రశ్నగా కూడా తోచలేదు. ఇప్పుడు విశాఖ నుంచి రాస్తున్న స్త్రీలమైనా దాన్ని అడగాలి. అచ్యుతాపురం బస్సులో ఎక్కే పిల్ల గురించి, ఆర్ కార్డు ట్రంకుపెట్టెలో దాచుకున్న ముసలమ్మ గురించి, శిబిరానికి అన్నం క్యారేజీ పంపిన చేతుల గురించి రాయాలి. వాళ్లమీద జాలితో రాస్తే చాలదు. ఆ కర్మాగారాలను, ఆ ఊళ్లను, ఆ ఇళ్లను ఎలా నడపాలో వాళ్లకు అభిప్రాయాలు ఉన్నాయి. వాటిని వినిపించే కథ, వ్యాసం, కరపత్రం మనం ఇంకా రాయాల్సే ఉంది.