జెనోవాలో శనగపిండి అట్టు

మా వీధి చివరింటి కుర్రాడు పోయిన నెల జెనోవాలో ఓడెక్కాడు. డెక్ క్యాడెట్‌గా మొదటి ప్రయాణం. బయల్దేరే ముందు సాయంత్రం వచ్చి, "మావయ్యా, ఇటలీలో పిజ్జా కాకుండా ఏం తినాలి?" అనడిగాడు. ఓడ రేవులో ఎన్ని గంటలుంటుందో, ఊళ్ళోకి వదుల్తారో లేదో తెలీదు గానీ తిండి సంగతి ముందే తేల్చుకుంటున్నాడు. ముచ్చటేసింది. నేనూ ఇరవై ఏళ్ళు ఇంజన్ రూముల్లో వేగినవాణ్ణే కదా.

"పాత రేవుకి ఎదురుగా సొట్టోరీపా అని కమానుల వసారా ఒకటుంటుంది. దాని కింద నడుచుకుంటూ పో. కట్టెల పొయ్యి వాసన తగిలిన చోట ఆగి ఫరినాటా అడుగు."

"అంటే ఏటి?"

"శనగపిండి అట్టు."

వాడి మొహం వాడిపోయింది. విశాఖపట్నం నుంచి అంత దూరం పోయి తినేది శనగపిండా!

నాకూ మొదటిసారి అలాగే అనిపించింది. చలికాలం, చినుకులు, చేతిలో నాలుగు గంటల సెలవు. ఒక కొట్టులో రాగిపళ్ళెం కనబడింది. మన పెళ్ళిళ్ళలో గుండిగ మూతంత వెడల్పు. కొట్టతను అందులోంచి ముక్కలు కోసి, కాగితంలో పెట్టి, మిరియాలపొడి చల్లి ఇస్తున్నాడు. పేరు తెలీక వేలు చూపించాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే ఆర్కే బీచ్‌లో బజ్జీల బండి దగ్గర నిలబడ్డట్టే ఉంది. రెండో ముక్కకి తేడా తెలిసింది. పైన సన్నటి కరకర, లోపల జున్నులాంటి మెత్తదనం. నూనెలో వేగిన పిండి కాదది, నిప్పుల సెగలో కాలిన పిండి.

అందులో పడేవి నాలుగే: శనగపిండి, నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనె. ఒక వంతు పిండికి సుమారు మూడు వంతుల నీళ్ళు. మజ్జిగంత పల్చగా కలిపి కొన్ని గంటలు వదిలేస్తారు. పైకి తేలిన నురగ తీసేసి, కళాయి పూసిన రాగిపళ్ళెంలో నూనె పోసి, దాని మీద పిండి పోసి, మండే కట్టెల పొయ్యిలోకి తోస్తారు. 1284లో మెలోరియా దగ్గర పీసా వాళ్ళని ఓడించి తిరిగొస్తున్న జెనోవా ఓడలు తుపానులో చిక్కుకున్నాయనీ, పీపాల్లోని శనగపిండీ నూనే ఉప్పునీళ్ళలో కలిసిపోయాయనీ, ఆ ముద్ద ఎండకి ఎండితే నావికులు తిన్నారనీ ఒక కథ. కథే లెండి. తుపానులో అంత కచ్చితంగా పాళ్ళు కుదరవు. కానీ ఓడలో పాడవకుండా నిలవుండే సరుకుతోనే పుట్టిన వంట అన్న సంగతి మాత్రం కథలో దాగి ఉంది.

ఇంటికొచ్చాక చేశాను. పిండి నాననివ్వలేదు, ఒవెన్ సరిగ్గా కాగలేదు, పైగా వేలు మందాన పోశాను. అట్టూ కాలేదు, మైసూర్‌పాకూ కాలేదు. మా ఆవిడ ఒక ముక్క గిల్లి చూసి, "రేపు దీన్ని పులుసులో వేసెయ్యనా?" అంది. వేసింది. పులుసు బాగుంది. ఇప్పుడు పొద్దున్న కలిపి మధ్యాహ్నం కాలుస్తున్నాను. ఇనప పెనాన్ని ముందే ఒవెన్‌లో కాల్చి, పిండిని పల్చగా పోస్తున్నాను. ముప్పాతిక వంతు వచ్చినట్టే.

కుర్రాడికి మిగతావి గబగబా చెప్పాను. పెస్టోలో నూరే ఆకు మన సబ్జా గింజల మొక్కదే. స్టొక్కఫిస్సో అంటే నార్వే నుంచి వచ్చే ఎండుచేప. కట్టెలా ఉండేదాన్ని రోజుల తరబడి నానబెట్టి, బంగాళాదుంపలూ ఆలివ్‌కాయలూ వేసి ఉడికిస్తారు. దక్షిణాదికి పోతే చెతారా అనే జాలరి ఊళ్ళో నెత్తళ్ళని ఉప్పులో మాగబెట్టి, చుక్కచుక్కగా కారిన ఊటని సీసాల్లో పడతారు. ఉత్తరాదిలో మొక్కజొన్న పిండితో తెడ్డు పెట్టి కలిపే పొలెంటా ఉంది, మన చోడి సంకటికి వరసకి చుట్టం. పాస్తా మెత్తగా ఉడకలేదని గొడవ పెట్టుకోకు, వాళ్ళకి పలుకు మీదే ఉండాలి. అన్నం వార్చే ఇంట్లో పుట్టినవాడికి ఆ మాట వేరే విప్పి చెప్పక్కర్లేదు. కార్బొనారాలో క్రీమ్ కనబడితే మాత్రం లేచొచ్చెయ్. రోములో గుడ్డూ, పెకొరీనో చీజూ, పంది దవడ మాంసం, మిరియాలతోనే ఆ చిక్కదనం తెస్తారు.

అసలు మన ఊరొచ్చిన నావికుడికి మనమేం చెప్తున్నాం? బిర్యానీ. అది హైదరాబాదులో తింటాడు. రేవు పక్క మెస్సులో వేడన్నంలోకి ఎండు నెత్తళ్ళ పులుసు తినమని ఒక్కరూ చెప్పరు. వాసనకి జడుస్తాడని మనమే ముందు జడుస్తాం. జెనోవా కొట్టతను నన్ను చూసి అలా జడవలేదు, ముక్క కోసి చేతిలో పెట్టాడు.

నా వంటింట్లో ఇటలీ నుంచి తెచ్చుకున్న వస్తువు ఒకటే, మోకా పాత్ర. బియాలెట్టి దాన్ని తెచ్చింది 1933లో, మన రేవు తెరుచుకున్న ఏడే. అందులో రోజూ కాచేది అరకు కాఫీ. ఇటలీ వాళ్ళు పాల కాఫీని పొద్దుటికే పరిమితం చేస్తారట. సాయంత్రం నాలుగింటికి పాలు పోసుకుంటూ ఆ నియమాన్ని రోజూ అతిక్రమిస్తున్నాను.

మొన్న రాత్రి కుర్రాడి నుంచి ఫొటో వచ్చింది. నూనె మరకల కాగితం, సగం కొరికిన ముక్క. కింద మెసేజ్: "మావయ్యా, రెండుసార్లు కొనుక్కున్నాను. పచ్చిమిరపకాయ అడిగితే నవ్వారు."